శీల పరిరక్షణకు కొన్ని వినమ్ర సూచనలు

మత సంస్థలు నడిపే బడుల్లో టీచర్ల నడవడికకు నియమాలు పెడితే చాలు, లాయర్లు, పత్రికలవాళ్లు, హక్కుల సంఘాలవాళ్లు అందరూ కలిసి యాజమాన్యాల మీద పడిపోతున్నారు. నేను ఆ గుంపులో లేను. లెక్కల టీచరు శీలం చెక్కుచెదరకుండా ఉంటేనే భిన్నాల్లో లవం పైన, హారం కింద నిలబడతాయని, డ్రాయింగ్ టీచరు కాపురం సవ్యంగా ఉంటేనే పిల్లలు గీసే కొండల మధ్య సూర్యుడు సరిగ్గా ఉదయిస్తాడని నేనూ నమ్ముతాను. నాకున్న ఫిర్యాదు ఒక్కటే, అమలు బొత్తిగా బాగాలేదు. ఇంత ఉన్నతమైన ఆశయాన్ని ఇంత బద్ధకంగా నడిపిస్తుంటే మనసు ఉసూరుమంటోంది. (ఉదాహరణలన్నీ క్రైస్తవ బడులవే ఎందుకు తెచ్చావని అడగొద్దు. వాళ్ల వ్యవహారాలు కోర్టు రికార్డులకెక్కాయి కాబట్టి ధైర్యంగా చెప్పగలుగుతున్నాను.)

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని కెనిల్‌వర్త్‌లో సెయింట్ థెరిసా అనే కతోలిక బడి ఉంది. అక్కడ పసిపిల్లలను చూసుకునే ఒకావిడను 2014లో పూర్తిస్థాయి ఆర్ట్ టీచరుగా చేరమన్నారు. ఆవిడ సరేనని తలూపి ఊరుకుంటే ఏ గొడవా లేకపోను. జీతం ఇంకాస్త పెంచమంది, పనిలోపనిగా తాను గర్భవతినని కూడా చెప్పింది. పెళ్లి కాలేదు. కొన్ని వారాలు తిరక్కుండానే ఉద్యోగం ఊడింది. కేసు ఏళ్ల తరబడి కోర్టుల మెట్లెక్కి దిగి, చివరికి 2023 ఆగస్టులో రాష్ట్ర సుప్రీంకోర్టు బడి వైపే మొగ్గింది. కతోలిక బోధనలకు కట్టుబడి ఉండటం ఆ ఉద్యోగానికి షరతు, ఆ షరతు మీరితే తీసేసే హక్కు బడికుంది అని తేల్చింది.

నన్ను కలచివేసింది తీర్పు కాదు, దర్యాప్తు. మగవాళ్లతో సహా మిగతా సిబ్బందిలో ఎవరైనా ఇలాంటి పాపం చేశారేమో కనుక్కున్నారా అని అడిగితే, అలాంటి ప్రయత్నమేదీ చేయలేదని ప్రిన్సిపాలే వాంగ్మూలంలో చెప్పారు. ఇదేం పద్ధతండీ? ఆడ టీచరు సంగతైతే ఐదో నెల దాటాక ఆమె నడకే చెప్పేస్తుంది, యాజమాన్యం కుర్చీలోంచి లేవక్కర్లేదు. మగ టీచరు శని ఆదివారాల్లో ఎక్కడ తిరిగొచ్చాడో తెలియాలంటే కాస్త ఒళ్లు వంచాలి. మగవాడి పాపానికి బయటికి కనపడే గుర్తేదీ ప్రకృతి పెట్టలేదు. ప్రకృతి చేసిన ఆ పొరపాటును దిద్దాల్సింది ధర్మం తెలిసిన యాజమాన్యం కాదా? సోమవారం ప్రార్థనకు ముందు మగ సిబ్బందిని వరుసలో నిలబెట్టి తలా ఒక అఫిడవిట్, గత రెండు రోజుల ఫోన్ కాల్ వివరాలు, హోటల్ రసీదులు తీసుకుంటే ఎంత సేపు పడుతుంది? మొదటి పీరియడ్ కాస్త ఆలస్యమవుతుంది, అంతేగా.

పెళ్లయితే గండం గడిచినట్టేనని అనుకునేరు. అమెరికాలోనే ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌లో పెళ్లయిన ఒక టీచరమ్మ భర్తతో కలిసి సంతానం కోసం ఐవీఎఫ్ చికిత్సకు వెళ్లింది. కతోలిక చర్చి దృష్టిలో ఐవీఎఫ్ తప్పు. 2011లో ఆమె కాంట్రాక్టును పొడిగించలేదు. ఫాదర్ గారు తనను ఘోరపాపివి అన్నారని, కొన్ని విషయాలు మనిషికీ దేవుడికీ మధ్యనే ఉండిపోతే మంచిదని కూడా అన్నారని ఆమె తన ఫిర్యాదులో రాసింది. 2014 డిసెంబరులో జ్యూరీ ఆమెకు దాదాపు ఇరవై లక్షల డాలర్లు ఇవ్వమంది. తర్వాత ఆ మొత్తాన్ని బాగా కోసేశారు, అది వేరే సంగతి. ఆ ఫిర్యాదులో రాసిన ఫాదర్ గారి రెండో మాట దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. దేవుడికి తెలిస్తే ఫర్వాలేదు, తోటి టీచర్లకు తెలిస్తేనే కొంప మునుగుతుంది అన్నమాట! దేవుడి కన్నా స్టాఫ్ రూమ్ పెద్దదని ఇంత సూటిగా చెప్పిన వేదాంతం నేనింకెక్కడా చదవలేదు.

స్పెయిన్‌లో ఇదే వేదాంతానికి యూరప్ మానవ హక్కుల కోర్టు ముద్ర పడింది. ముర్సియా ప్రాంతంలో ఒకాయన ఒకప్పుడు ఫాదర్. తర్వాత పెళ్లి చేసుకున్నాడు, ఐదుగురు పిల్లలు. అలాంటి మనిషినే బిషప్ గారి ఆమోదంతో ప్రభుత్వ బడుల్లో కతోలిక మతబోధకు పెట్టుకున్నారు. 1991 నుంచి ఏళ్ల తరబడి హాయిగా పాఠాలు చెప్పుకున్నాడు. ఫాదర్లకు పెళ్లి ఐచ్ఛికంగా ఉండాలని కోరే ఉద్యమం సమావేశానికి ఆయన భార్యాపిల్లలతో వెళ్లడం, 1996లో ఆ ఫొటో పత్రికలో అచ్చు కావడం జరిగాయి. మరుసటి ఏడు ఉద్యోగం లేదు. ఇంట్లో ఏళ్లుగా తిరుగుతున్న ఐదుగురు పిల్లలు పాపం కాలేదు, పేపర్లో పడ్డాకే పాపమయ్యారు! 2014లో కోర్టు పదిహేడు మంది జడ్జీలు కూర్చుని, తొమ్మిది మంది ఇటు, ఎనిమిది మంది అటు చీలి, ఆయన హక్కులకు భంగమేమీ కలగలేదని తేల్చారు. ఒక్క జడ్జి అటు జరిగి ఉంటే ధర్మమే మారిపోయేది.

కాబట్టి నా మొదటి సూచన. నియమావళిలో 'టీచరు పాపం చేయరాదు' అన్న వాక్యం కొట్టేసి 'టీచరు పాపం తెలియనీయరాదు' అని రాసుకోవాలి. అనవసర గందరగోళం ఉండదు. టీచర్లకూ ట్రైనింగ్ ఇవ్వడం తేలిక.

ఈ స్పష్టత లేకపోతే ఏమవుతుందో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో చూశాం. ఇద్దరు మగ టీచర్లు ఒకరినొకరు పెళ్లి చేసుకున్నారు. ఇద్దరూ వేర్వేరు కతోలిక బడుల్లో పాఠాలు చెప్పేవాళ్లు. 2019లో ఆర్చిబిషప్ గారి ఆదేశం మేరకు ఒక బడి ఒకాయన్ని తీసేసింది. జెస్యూట్ అనే కతోలిక సన్యాసుల సంఘం ఫాదర్ల బడి మాత్రం రెండో ఆయన్ని తీసేయనని భీష్మించుకుంది. అందుకని ఆ బడి కతోలిక బడే కాదని ఆర్చిబిషప్ గారు ప్రకటించారు. ఆ ఉత్తర్వును వాటికన్ తాత్కాలికంగా నిలిపేసింది. పెళ్లి ఒక్కటే. దాంట్లో సగభాగం ఒక గేటు దగ్గర పాపమైంది, మిగతా సగం ఇంకో గేటు లోపల పాఠం చెబుతూ ఉండిపోయింది.

ఇక అన్నిటికన్నా గొప్ప ఏర్పాటు దగ్గరికి వద్దాం. ప్రపంచంలో ఏ మతమూ ఇంత వేగంగా గురుపట్టం కట్టబెట్టి ఉండదు. అమెరికాలో వయసు, వైకల్యం, గర్భం లాంటి కారణాలతో ఉద్యోగుల పట్ల వివక్ష చూపకూడదని చట్టాలున్నాయి. కానీ మత సంస్థ తన మతగురువుగా ఎవరిని పెట్టుకుంటుందో, ఎవరిని తీసేస్తుందో ప్రభుత్వం అడగకూడదు. అదీ సబబే, పాస్టరును ఎంచడం ప్రభుత్వం పని కాదు. అయితే టీచరు మతగురువేనా? 2012లో సుప్రీంకోర్టు ముందుకు మిచిగన్ రాష్ట్రంలోని ఒక లూథరన్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) బడి కేసు వచ్చింది. నాలుగో తరగతి టీచరు, నిద్ర ముంచుకొచ్చే జబ్బు. సెలవు ముగిశాక తిరిగి వస్తానంటే బడి వద్దంది. కోర్టుకెళ్తానంది. విశ్వాసులు తగవుల్ని లోపలే తేల్చుకోవాలన్నది తమ సిద్ధాంతమని, కోర్టు మాటెత్తడమే తప్పని తీసేశారు. తీసేసిన సంగతిని సమర్థించుకోవడానికి బడివాళ్లు ఎక్కడికి వెళ్లారంటారా? దేశంలోని అత్యున్నత కోర్టుకు! అక్కడ ఏకగ్రీవంగా గెలిచారు కూడా.

ఆవిడ రోజులో మతానికి సంబంధించిన పని చేసేది ముప్పావు గంట. మిగతాదంతా లెక్కలు, సైన్సు, సాంఘిక శాస్త్రం. ఆ మాత్రానికే మతగురువెలా అవుతుందని అడిగితే, ఇది స్టాప్‌వాచ్ పెట్టి తేల్చే విషయం కాదన్నారు ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్. 2020లో ఇద్దరు కతోలిక బడి టీచర్ల కేసులో ఇంకో అడుగు ముందుకేశారు. హోదా పేరు ఏదైనా కానివ్వండి, పిల్లలకు విశ్వాసం నేర్పే పని చేస్తుంటే చాలు, వివక్షను నిషేధించే చట్టాలు వర్తించవని 7–2 తేడాతో చెప్పారు.

కతోలిక శ్రీసభ స్త్రీలకు గురుపట్టం ఇవ్వదు. ఎన్ని శతాబ్దాలుగా అడిగినా ఇవ్వలేదు. అలాంటిది, ఐదో తరగతి టీచరమ్మ చట్టం దృష్టిలో మతగురువైపోయింది. ఎప్పుడు? పీఠం మీద నిలబడి పూజ జరిపించిన రోజున కాదు, జీతం పెరిగిన రోజున అసలే కాదు. ఉద్యోగం పోయిన రోజున. పట్టాభిషేకం, పదవీ విరమణ ఒకే కవరులో పెట్టి ఇస్తున్నారు.

అమెరికాలోని సిన్సినాటి ఆర్చిడయాసిస్ (ఆర్చిబిషప్ ఏలుబడిలోని కతోలిక మండలం) దీన్ని ముందే పసిగట్టింది. అక్కడ పెళ్లి కాకుండా కృత్రిమ గర్భధారణతో తల్లి కాబోతున్న కంప్యూటర్ టీచరును తీసేస్తే, 2013లో జ్యూరీ ఆమెకు 1,71,000 డాలర్లు ఇప్పించింది. ఆమె కతోలికురాలు కూడా కాదు. కతోలికులు కానివాళ్లను మతం పాఠాలు చెప్పనివ్వరు కాబట్టి మతగురువని చూపించడం కుదరలేదు. మరుసటి ఏడాది కాంట్రాక్టు రూపం మారిపోయింది. అందులో టీచర్లంతా 'టీచర్-మినిస్టర్లు' (మినిస్టర్ అంటే ఇక్కడ మంత్రి కాదు, మతసేవ చేసేవారు). చేయకూడనివాటి చిట్టా కూడా చేర్చారు: పెళ్లి కాకుండా కాపురం, ఐవీఎఫ్, అద్దె గర్భం, స్వలింగ సంబంధాలు, వాటికి బహిరంగంగా మద్దతివ్వడం. చిట్టాలో ఎక్కువ భాగం నడుము కింది భాగానికి సంబంధించిందే కావడం గమనించాలి.

మానవ శరీరంలో మిగతా అవయవాలు చేసే పాపాల సంగతి? దీనికి కాలిఫోర్నియాలోని టోరెన్స్ పట్టణం జవాబు చెబుతుంది. 2020 నాటి తీర్పులోని ఇద్దరు టీచర్లలో ఒకరు అక్కడి సెయింట్ జేమ్స్ బడిలో ఐదో తరగతి చెప్పేవారు. రొమ్ము క్యాన్సర్ వచ్చింది, ఆపరేషన్‌కు, కీమోకు సెలవు కావాలని ప్రిన్సిపాల్‌కు చెప్పారు. ఆ ఏడాది చివర కాంట్రాక్టు పొడిగించలేదు. ఒకే విద్యా సంవత్సరంలో పిల్లలకు ఇద్దరు టీచర్లు మారడం న్యాయం కాదన్నది ప్రిన్సిపాల్ చెప్పిన కారణాల్లో ఒకటి. తీర్పు రాకముందే 2019లో ఆ టీచరు చనిపోయారు. ఆ ప్రిన్సిపాల్ దారిద్ర్య వ్రతం పట్టిన సన్యాసిని. బడికి వచ్చిన ఫీజులు, విరాళాల్లోంచి పదేళ్ల పాటు 8 లక్షల 35 వేల డాలర్లకు పైగా మళ్లించి, జూదానికీ విహారయాత్రలకూ ఖర్చు పెట్టానని 2021లో ఫెడరల్ కోర్టులో నేరం ఒప్పుకున్నారు. 2022లో ఏడాది ఒక్క రోజు జైలు శిక్ష పడింది.

పిల్లలకు టీచరు మారితే అన్యాయమని తెలిసిన మనిషికి, పిల్లల ఫీజు చేతులు మారితే ఏమవుతుందో తెలియలేదు. అయినా ఆమెను మాత్రం అనడమెందుకు? కడుపు మీద కన్నేసి ఉంచమని నియమావళి చెబుతుంది, క్యాష్ బుక్ మీద కూడా కన్నేయమని ఎవరు చెప్పారు? పేకముక్కలు పట్టుకుంటే ఐదో నెలలో బయటపడదు, పదేళ్లు పడుతుంది.

అందుకే చిట్టా పెంచాలంటున్నాను. క్రైస్తవ సంప్రదాయం ఏడు మహాపాపాలు చెప్పింది. యాజమాన్యాలు మోహం ఒక్కదాన్ని పట్టుకుని తక్కిన ఆరింటినీ గాలికొదిలేశాయి. తిండిపోతుతనానికి గేటు దగ్గర తూకపు యంత్రం పెట్టొచ్చు. క్రోధం కావాలంటే వార్షిక పరీక్షల పేపర్లు దిద్దే గదిలోకి వెళ్తే చాలు. అసూయ ఇంక్రిమెంట్ల లిస్టు అంటించిన మర్నాడు పొద్దున్నే మూకుమ్మడిగా దొరుకుతుంది. లోభం మాత్రం కాస్త చూసుకుని చేర్చాలి. కతోలిక సత్యోపదేశంలో, అంటే చర్చి అధికారిక విశ్వాస బోధనల పుస్తకంలో, ఆకాశానికి మొరపెట్టే పాపాలని కొన్ని ఉన్నాయి. అందులో హత్య పక్కనే, కూలి చేసుకునేవాడికి అన్యాయం చేయడం కూడా ఉంది. ఈ క్లాజు కాంట్రాక్టులో పొరపాటున చేరితే ఎవరి మెడకు చుట్టుకుంటుందో చెప్పలేం. జీతం పెంచమని అడగడాన్నే లోభం కింద రాసేసుకుంటే ఆ చిక్కు ఉండదు. కెనిల్‌వర్త్‌లో కథ అక్కడే కదా మొదలైంది.

పది ఆజ్ఞల్ని కూడా వదలకూడదు. విశ్రాంతి దినాన్ని పవిత్రంగా ఉంచమని ఆజ్ఞ. ఆదివారం మధ్యాహ్నం టీచర్ల ఇళ్లలో ఏం జరుగుతోందో చూశారా? డైనింగ్ టేబుల్ మీద నలభై నోటుబుక్కులు, పక్కన ఎర్ర పెన్ను, ఇంకో పక్క సోమవారం ఇవ్వాల్సిన లెసన్ ప్లాన్. దేవుడి ఆజ్ఞను ఇంత బాహాటంగా, వారం వారం, కుటుంబ సభ్యుల ఎదుటే ఉల్లంఘిస్తుంటే ఒక్క యాజమాన్యమూ షోకాజ్ నోటీసు ఇవ్వకపోవడం వింత. పైగా సోమవారం పొద్దున దిద్దని పుస్తకాలు కనపడితే మెమో ఇస్తున్నారట! కెనిల్‌వర్త్ నుంచి టోరెన్స్ దాకా అన్ని బడులూ ఈ లోపాలు సవరించుకుని కొత్త కాంట్రాక్టులు తయారు చేసుకుంటాయని ఆశిస్తున్నాను. సంతకాలకు మాత్రం టీచర్లను ఆదివారం పిలవకండి.