చెరువు హద్దు కొనకముందే తెలియాలి

హైదరాబాద్ శివార్లలో చెరువు కనబడే ఇంటికి గిరాకీ ఎక్కువ, ధరా ఎక్కువే. జీవితకాలపు పొదుపుకు ఇరవై ఏళ్ల గృహరుణం జోడించి అలాంటి ఇల్లు కొంటున్న కుటుంబానికి, ఆ స్థలం చెరువు లోపల ఉందో వెలుపల ఉందో తేల్చి చెప్పే బాధ్యతను మాత్రం ఏ ప్రభుత్వ కార్యాలయమూ తలకెత్తుకోవడం లేదు. ఈ లోపాన్ని అలాగే ఉంచి, కూల్చివేతలతోనే చెరువులను కాపాడుకోగలమని అనుకోవడం సరికాదని మా అభిప్రాయం.

చెరువు హద్దు వేసవిలో నీరు నిలిచిన చోట ఆగదు. అలుగు పారే మట్టం దాకా నిండినప్పుడు మునిగే నేలంతా చెరువే. ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) అంటున్నది ఆ మట్టాన్నే. 2012లో వచ్చిన 168వ నంబరు జీవో ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఆ గీత నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులకూ కుంటలకూ 9 మీటర్ల మేర బఫర్ జోన్‌ను ఖాళీగా వదలాలి. వానలు సరిగా పడని ఏళ్లు వరుసగా వస్తే ఈ గీత ఎవరి కంటికీ ఆనదు. ఎండిన నేలను చదును చేసి, రాళ్లు పాతి, ప్లాట్లు అమ్మేది ఆ కాలంలోనే. మన చెరువులు గొలుసుకట్టువి కనుక పైచెరువు అలుగు నీరు కిందిచెరువుకు చేరే నాలా మీద కట్టిన ఇంటికీ అదే ముప్పు. 2020 అక్టోబరు వానలకు బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి దిగువ కాలనీలు నీట మునిగిన సంగతి నగరం మరచిపోకూడదు.

కొనేవారిని ఎక్కువగా బోల్తా కొట్టించేది పట్టా. చెరువు గర్భంలోని శిఖం భూముల్లో చాలాచోట్ల రైతులకు నిజంగానే పట్టాలున్నాయి. నీరు తీశాక సాగు చేసుకునేందుకే ఆ హక్కు, కట్టడానికి కాదు. ‘పట్టా భూమి, లింకు డాక్యుమెంట్లన్నీ ఉన్నాయి’ అని అమ్మేవారు చెప్పే మాట అబద్ధం కాకపోవచ్చు. అయినా అక్కడ ఇల్లు చెల్లదు. సబ్ రిజిస్ట్రారు లావాదేవీని నమోదు చేస్తారు తప్ప హక్కుకు పూచీ పడరు. బ్యాంకు రుణం ఇచ్చిందన్నదీ రుజువు కాదు. ఇన్ని కాగితాలు చేతిలో ఉన్నాక కూడా అసలు ప్రశ్నకు జవాబు దొరకదంటే, తప్పంతా కొనుగోలుదారు మీదికి నెట్టడం న్యాయం కాదు.

చెరువులు, ప్రభుత్వ స్థలాల రక్షణకు 2024 జులైలో ఏర్పాటైన హైడ్రా సంస్థ ఆక్రమణల మీద కదలడం అవసరమే. తమ్మిడికుంటలో పెద్దవారి కట్టడాన్ని ఆ ఆగస్టులో తొలగించినప్పుడు ప్రజలు హర్షించారు. కుటుంబాలు నివసిస్తున్న ఇళ్ల జోలికి వెళ్లబోమని హైడ్రా తర్వాత ప్రకటించినా, గీత ఎక్కడో తెలియని కాలనీల్లో భయం పోలేదు. కూల్చివేతలకు 15 రోజుల ముందస్తు నోటీసు తప్పనిసరి చేస్తూ 2024 నవంబరులో ఇచ్చిన తీర్పులోనూ సుప్రీంకోర్టు జలవనరుల్లోని అక్రమ కట్టడాలకు ఆ రక్షణ ఇవ్వలేదు. అంటే చెరువులో ఇల్లు కొన్నవారికి చట్టం దగ్గర దొరికే ఊరట చాలా తక్కువ.

అందుకే ప్రతి చెరువుకూ ఎఫ్‌టీఎల్ తుది నోటిఫికేషన్ వెలువడాలి, హద్దురాళ్లు పడాలి. అంతకన్నా ముఖ్యంగా, ఆ గీత లోపలా బఫర్‌లోనూ పడే ప్రతి సర్వే నంబరు వివరం ఆస్తి లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రమైన ఈసీలోనే కనిపించాలి. ఊళ్లో ఎవరైనా కొనేముందు తీసే కాగితం అది. చెరువు సంగతి కూడా అందులోనే ఉంటే నీటిపారుదల, రెవెన్యూ, పట్టణాభివృద్ధి శాఖల చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

ఇప్పటికే కొన్నవారి మాటేమిటి? భూమి హక్కులో లోపం వల్ల కొనుగోలుదారు నష్టపోతే ప్రమోటరు పరిహారం చెల్లించాలని, ఆ దావాకు కాలపరిమితి అడ్డురాదని 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ (రెరా) చట్టం 18వ సెక్షన్ చెబుతోంది. 500 చదరపు మీటర్లకు, ఎనిమిది యూనిట్లకు మించని చిన్న నిర్మాణాలకు రెరా నమోదు అక్కర్లేదు కనుక, వాటిలో కొన్నవారికి ప్రభుత్వమే దారి చూపాలి. అనుమతులిచ్చిన అధికారుల మీద విచారణ జరిపి, అమ్మినవారి ఆస్తుల నుంచి సొమ్ము రాబట్టి, కూలిన ఇంటికి ఇంకా ఈఎంఐ కడుతున్న కుటుంబాలకు ముందుగా అందించాలి.