చదివితే పోయే ప్రశాంతత

ఇంట్లో నింపాదిగా, ప్రశాంతంగా బతకాలనుకునేవాళ్లు ముందు తమ టీపాయ్‌ని పరిశీలించుకోవాలి. దాని మీద రిమోటు, పాత బిల్లులు, మూత పోయిన పెన్ను ఉంటే ఆ ఇంటికి మనశ్శాంతి ఎలా వస్తుంది? అక్కడ పుస్తకం ఉండాలి. అలాగని చదివే పుస్తకం పెట్టేరు సుమా! చదివే పుస్తకాలు మనిషిని కుదురుగా ఉండనివ్వవు. హంతకుడెవరో తేలేదాకా నిద్ర పట్టదు, కథలో ఎవరైనా పోతే మర్నాటి దాకా మనసు బాగుండదు. అందుకే పెద్దలు, టీపాయ్ మీద అలంకారంగా పెట్టుకునే పెద్ద బొమ్మల పుస్తకాన్ని, అంటే కాఫీ టేబుల్ బుక్కుని కనిపెట్టారు.

ఎంపికలో మొదట చూడాల్సింది బరువు. ఆ బరువు విషయంలోంచి వచ్చింది కాదు. బొమ్మలు తళతళలాడాలని కాగితం మీద కేయోలిన్ అనే తెల్ల బంకమన్ను పూస్తారు. మామూలు నవల కాగితం చదరపు మీటరుకు 70, 80 గ్రాములుంటే, ఇది తరచు 150 దాటుతుంది. అంటే డబ్బులిచ్చి మనం తెచ్చుకునేదాంట్లో కొంత సాహిత్యం, కొంత మట్టి. దీనివల్ల పడుకుని చదివే ప్రమాదం తప్పుతుంది. ఒళ్లో పెట్టుకుంటే కాసేపటికే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఇక మిగిలిన దారి దూరంగా కూచుని దాన్ని చూడటమే. ధ్యానం అంటే మరేమిటి?

ఈ దారిలో చాలా ముందుకెళ్లినవాళ్లున్నారు. 1999లో టాషెన్ సంస్థ హెల్ముట్ న్యూటన్ ఫొటోలతో ‘సుమో’ అనే పుస్తకం వేసింది. బరువు సుమారు 30 కిలోలు. దాన్ని నిలబెట్టడానికి ఫిలిప్ స్టార్క్ అనే డిజైనర్ చేత ప్రత్యేకంగా స్టాండు చేయించి మరీ ఇచ్చారు. టీపాయ్ మీద ఉండాల్సిన పుస్తకం తన టీపాయ్‌ని తనే వెంటబెట్టుకుని వచ్చిందన్నమాట.

రెండోది, లోపలి బొమ్మలు. నింపాది జీవితం గురించిన పుస్తకంలో తప్పనిసరిగా ఓ ఖాళీ గది ఉంటుంది. గోధుమరంగు గోడ, ఒక కుర్చీ, ఒక కిటికీ, ఎండుకొమ్మ పెట్టిన ఓ కూజా. మనుషులుండరు. చార్జర్ వైరు కూడా ఉండదు, కాబట్టి ఫోనుండదు. తడి తువ్వాలు ఆరేసి ఉండదు, కాబట్టి ఎవరూ స్నానం చేయరు. గోడ మీద క్రేయాన్ గీతల్లేవంటే పిల్లల సంగతేమిటో మనం అడక్కూడదు. అంత ప్రశాంతంగా బతకడానికి ముఖ్యంగా కావాల్సింది అక్కడ ఎవరూ బతక్కపోవడం. ఆ పేజీ చూశాక తలెత్తి మన గదిని చూసుకుంటే టెన్షన్ మొదలవుతుంది. దానికి విరుగుడుగా రెండో పుస్తకం కొనాలి.

ఎలాగూ ఒక్క పుస్తకంతో పనవదు. తక్కువ సామానుతో బతకడం ఎలాగో చెప్పే పుస్తకమైనా సరే, ఒంటరిగా పెడితే టీపాయ్ బోసిగా ఉంటుంది. మూడు కొని, పెద్దది కింద, చిన్నది పైన పేర్చి, ఆ పైన ఓ కొవ్వొత్తి పెట్టమని ఇంటి అలంకరణ నిపుణులంటారు. ఇక అడుగు పుస్తకం తెరవాలంటే కట్టడాన్ని కూల్చాలి. ఆ ఇంట్లో అసలైన ప్రశాంతత అనుభవించేది ఆ అడుగు పుస్తకమే.

తెప్పించుకోవడంలో మాత్రం నింపాది పనికిరాదు. 1986లో రోమ్‌లో మెక్‌డొనాల్డ్స్ రాకకు అడ్డుపడ్డ కార్లో పెట్రీని, ఆ నిరసనతోనే, ఫాస్ట్ ఫుడ్‌కు బదులు నింపాదిగా వండుకుని తినమనే స్లో ఫుడ్ ఉద్యమానికి పునాది వేశాడు. ఆ నెమ్మది తర్వాత ఇళ్లకూ, సోఫాలకూ పాకింది. ఇప్పుడు ఆ నెమ్మదిని నేర్పే పుస్తకం రేపు పొద్దున్నకల్లా గుమ్మంలో లేకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తాం.

వచ్చాక దాని సంరక్షణ చూడాలి. కాఫీ టేబుల్ బుక్కు దగ్గరికి కాఫీని రానివ్వకూడదు. మట్టి పూసిన కాగితం తడిసి ఆరితే పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, విడదీస్తే బొమ్మలు ఊడొస్తాయి. ఎండ కూడా తగలకూడదు, అట్ట రంగు వెలిసిపోతుంది. కాబట్టి కర్టెన్లు వేసుకుని, చీకట్లో, కప్పు వంటింట్లోనే వదిలేసి వచ్చి, వెలుతురుతో నిండిన గదుల బొమ్మలున్న పుస్తకం ముందు కూచోవాలి. చుట్టాలొస్తే మాటలు వింటున్నట్టు నటిస్తూ వాళ్ల చేతుల్ని కనిపెట్టుకుని ఉండాలి. వేలు నాలుకకి తాకించి పేజీ తిప్పేవాళ్లు ప్రతి బంధువర్గంలోనూ ఒకరుంటారు.

చదవకుండా పుస్తకాన్ని గౌరవించే ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. తన వ్యాసాలను ఆడవాళ్లు ఇంటి సామానులా హాల్లో పెట్టుకుంటున్నారని ఫ్రెంచి రచయిత మోంటేన్ 1588లోనే వాపోయాడు. ఆయన బాధ నాకర్థం కాలేదు. హాల్లో, అంత మంచి చోటు దొరికితే ఏడవడమెందుకు? పైగా ఆ పుస్తకంలో ఒక్క రంగుల బొమ్మ లేదు, మొదటి నుంచి చివరిదాకా ఆలోచనలే. అయినా అక్కడే ఉండనిచ్చారంటే ఆ ఇల్లాళ్లది ఎంత సహనం!