నర్సరీ నుంచి ఐఐటీ దాకా ఒకటే దారి అంటున్న మెసేజ్‌కు జవాబు

అడ్మిషన్ల సీజన్ వస్తే చాలు, అనంతపురం, కర్నూలు, కడప వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. అందులో ఉండేది ఇదీ: రెండున్నరేళ్లకే ప్లేస్కూల్లో వెయ్యకపోతే పిల్లలు వెనకబడిపోతారు, ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ (బడిలోనే ముందుగా ఇచ్చే ఐఐటీ ఎంట్రన్సు కోచింగ్) లేకపోతే సీటు రాదు, నర్సరీ నుంచి ఇంటర్ దాకా ఒకే సంస్థలో ఉంచితే మేలు, గవర్నమెంటు బడిలో వేస్తే భవిష్యత్తు పోయినట్టే, కాబట్టి అప్పు చేసైనా కట్టండి, అది ఖర్చు కాదు పెట్టుబడి.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను, అదీ ప్రైవేటు కాలేజీలోనే, కాబట్టి ప్రైవేటు చదువంటే నాకు పడదని ఎవరూ అనుకోవద్దు. నా కోపమంతా ఈ మెసేజ్ తల్లిదండ్రుల్ని భయపెడుతున్నందుకే.

ముందు రెండున్నరేళ్ల సంగతి. ప్లేస్కూల్‌కు పంపడం తప్పేం కాదు, ఇద్దరూ పనికి పోయే ఇళ్లల్లో వేరే దారి ఉండదు కూడా. పంపకపోతే వెనకబడతారన్నదే అబద్ధం. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే దశగా పెట్టి, ఆ వయసులో ఆటపాటలతోనే నేర్పమంది, ఒకటో తరగతికి ఆరేళ్లు ఉండాలంది. మూడేళ్ల పిల్లల మణికట్టు ఎముకలే ఇంకా పూర్తిగా ఏర్పడి ఉండవు, వాళ్ల చేత ఏ నుంచి జడ్ దాకా పేజీలకు పేజీలు రాయిస్తే చెయ్యి నొప్పి పుడుతుంది, బడంటే భయం పట్టుకుంటుంది. ఆదోని, రాయదుర్గం వైపు పిల్లలు తెలుగు, కన్నడ, ఉర్దూ కలగలిపి మాట్లాడతా పెరుగుతారు. అవ్వ దగ్గర కథ వింటా, వీధిలో ఆడుకుంటా అన్ని మాటలు నేర్చుకుంటున్న పిల్లను చూసి ఇంగ్లీషు రైమ్ రాలేదని తల్లి టెన్షన్ పడుతోందంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇంకో సంగతి కూడా తల్లిదండ్రులకు తెలియాలి. ఒకటో తరగతి సీటుకు పిల్లలకు గానీ పెద్దలకు గానీ టెస్టు, ఇంటర్వ్యూ పెట్టడాన్ని విద్యా హక్కు చట్టం 13వ సెక్షన్ నిషేధించింది, మొదటిసారికి 25 వేల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా ఉంది. అదే చట్టం కింద ప్రైవేటు బళ్లల్లో ఒకటో తరగతి సీట్లలో 25 శాతం పేద, బలహీన వర్గాల పిల్లలకు ఫీజు లేకుండా ఇవ్వాలి. మన రాష్ట్రంలో దీనికి ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవచ్చు. మండల విద్యాధికారి ఆఫీసులో అడగండి.

ఇక ఫౌండేషన్. దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీని ఫలితం రోజూ నా క్లాసులో కనిపిస్తుంది. ఇంజినీరింగ్ ఎంట్రన్సు జేఈఈ మెయిన్, మెడికల్ ఎంట్రన్సు నీట్ సిలబస్ తీసి చూడండి, ఉండేది ఇంటర్ రెండేళ్ల పాఠాలే. ఆ పాఠాలకు ఆరు నుంచి పది దాకా ఏం కావాలి? భిన్నాలు, నిష్పత్తులు, మైనస్ గుర్తులు తడబడకుండా సమీకరణం సాధించడం, సరూప త్రిభుజాలు, కాస్త త్రికోణమితి. ఇవన్నీ మామూలు బడి పుస్తకంలోనే ఉన్నాయి, పైగా ఇప్పుడు స్టేట్ సిలబస్ పదో తరగతికి కూడా ఎన్సీఈఆర్టీ పుస్తకాలే వచ్చాయి. ఇవి గట్టిగా వచ్చిన పిల్లలు ఏ బడి నుంచి వచ్చినా ఇంటర్‌లో నిలబడతారు.

ఏడో తరగతి నుంచి ఫౌండేషన్ చదివామని వచ్చిన పిల్లలు కొంతమంది వి స్క్వేర్ మైనస్ యు స్క్వేర్ ఈక్వల్స్ టు టూ ఏఎస్ అని వేగం, దూరాల సూత్రం గడగడా అప్పజెప్తారు. సరే, బస్సు వేగం రెట్టింపైంది, బ్రేకు అంతే గట్టిగా వేశారు, ఆగేలోపు ఎన్ని రెట్ల దూరం పోతుంది అని అడిగితే రెట్టింపు అంటారు. నాలుగు రెట్లు పోతుంది, వాళ్లు చెప్పిన ఆ సూత్రంలోనే ఉంది ఆ జవాబు. పిల్లలు తెలివి తక్కువ వాళ్లు కాదు, అర్థమయ్యే వయసు రాకముందే సూత్రం చేతిలో పెట్టి ఆబ్జెక్టివ్ టెస్టుల మీద టెస్టులు రాయించారు, అంతే. ఇంకా ఘోరమేందంటే పదకొండేళ్ల పిల్లోడికి "నువ్వు లోయర్ సెక్షన్" అని చెప్పి పంపిస్తే వాడు ఇంటర్‌కొచ్చేసరికి చెయ్యి ఎత్తి డౌట్ అడగడం మానేసి ఉంటాడు, మళ్లీ అడిగేలా చెయ్యడానికి నాకు నెలలు పడుతుంది.

కోచింగ్ సెంటర్లు పదహారేళ్ల లోపు పిల్లల్ని చేర్చుకోకూడదని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది. బడి పేరుతో నడిచే ఫౌండేషన్‌కు అవి నేరుగా తగలకపోవచ్చు గానీ, ఎందుకు అలా అన్నారో ఆలోచించండి.

మెసేజ్ కింద ర్యాంకర్ల ఫోటోలు పెడతారు. 2024లో జేఈఈ మెయిన్‌కు 14 లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. ఐఐటీ సీటు కోసం ఆ తర్వాత రాసే జేఈఈ అడ్వాన్స్‌డ్ రెండు పేపర్లూ రాసింది సుమారు 1.8 లక్షల మంది, క్వాలిఫై అయింది 48,248 మంది, ఐఐటీ సీట్లు 17,740. కాబట్టి ఆ ఫోటోలు చూసి, ఫౌండేషన్‌లో చేరితే చాలు సీటు వస్తుందనుకోవడం లెక్కకే నిలవదు. ఫోటోలో పది మంది ఉంటే, ఆ బ్యాచ్‌లో ఎంతమంది రాశారు, మిగతా వాళ్లకు ఏం వచ్చింది అని అడగాలి. కోచింగ్ ప్రకటనల మీద 2024 నవంబరులో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఆ ర్యాంకరు చేరిన కోర్సు ఏది, ఎన్నాళ్లు చదివారు అన్నది చెప్పి తీరాలి. ఆఖర్లో టెస్ట్ సిరీస్ మాత్రమే రాసిన పిల్లలూ, ఆరేళ్లు అక్కడే చదివిన పిల్లలూ ఒకటి కాదు కదా.

ఒకే సంస్థలో ఉంచమన్న మాటకు పెద్దగా జవాబు అక్కర్లేదు, పిల్లకు నచ్చితే ఉంచండి, నచ్చకపోతే మార్చండి. ఫీజు బాకీ అని టీసీ ఆపుతారేమో అని భయపడి ఆగిపోతుంటారు చాలామంది. ఎనిమిదో తరగతి లోపు పిల్లలు గవర్నమెంటు బడికి మారాలనుకుంటే టీసీ వెంటనే ఇవ్వాలని విద్యా హక్కు చట్టం అయిదో సెక్షన్ చెప్తోంది, అది ఆలస్యమైందని కొత్త బడిలో చేర్చుకోకపోవడం కూడా కుదరదు.

గవర్నమెంటు బడి అంటే భవిష్యత్తు పోయినట్టే అన్న మాట చదివితే ఒళ్లు మండుతుంది. లోపాలు లేవని నేను అనను. సబ్జెక్టు టీచరు లేని బళ్లున్నాయి, కోసిగి, మంత్రాలయం వైపు తల్లిదండ్రులు మిరప కోతలకు గుంటూరు వైపు వలస పోతే పిల్లల చదువు మధ్యలో తెగిపోతుంది. ఆ బాధ నిజం, దాని గురించి కొట్లాడాలి. కానీ మన పక్కనే ఉన్నవి చూడండి. హిందూపురం దగ్గర కొడిగెనహళ్లి గురుకులం 1972 నుంచి నడుస్తోంది, అయిదో తరగతిలో ప్రవేశ పరీక్ష రాసి చేరొచ్చు. బనవాసిలో, లేపాక్షిలో కేంద్ర ప్రభుత్వ నవోదయ బళ్లున్నాయి, ఆరో తరగతికి పరీక్ష, కనీసం 75 శాతం సీట్లు పల్లె పిల్లలకే, హాస్టలు, భోజనం ఉచితం. ఇక ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ 2008లో మొదలైంది, ఆరేళ్ల కోర్సు, ఇంటర్ నుంచి బీటెక్ దాకా అక్కడే. సీటు ఇచ్చేది పదో తరగతి మార్కుల మీద, అందులోనూ గవర్నమెంటు బడిలో చదివిన వాళ్లకు 4 శాతం కలుపుతారు. అంటే ఈ మెసేజ్ ఎక్కడైతే భవిష్యత్తు పోతుందని చెప్తోందో, అక్కడ చదివినందుకే ఇడుపులపాయలో మార్కులు కలుస్తున్నాయి!

చివరగా అప్పు. బంగారం కుదువ పెట్టి, శెనక్కాయ పంట మీద నమ్మకంతో వడ్డీకి తెచ్చి ఎల్కేజీ ఫీజు కట్టే ఇళ్లు నాకు తెలుసు. పిల్ల పదో తరగతి అయ్యేసరికి ఆ ఇంట్లో డబ్బు అయిపోయి ఉంటుంది, అసలు అవసరం పడేది అప్పుడే. అయిదో తరగతి దాకా ఇంటి దగ్గరి బడిలో వేసి ఆ డబ్బు దాచండి, ఇంటర్‌లో మంచి లెక్చరర్లున్న చోట చేర్చడానికి, ఆ తర్వాత హాస్టలు ఖర్చులకు పనికొస్తుంది. ఇంటర్ కూడా ఎంట్రన్సు మోజులో వదిలేసేది కాదు, మన రాష్ట్ర ఇంజినీరింగ్ ఎంట్రన్సు ఈఏపీసెట్ ర్యాంకులో 25 శాతం వెయిటేజీ ఇంటర్ మార్కులదే, ఎన్ఐటీ సీటుకైతే జేఈఈ ర్యాంకుతో పాటు ఇంటర్‌లో 75 శాతం గానీ బోర్డులో టాప్ 20 పర్సెంటైల్ గానీ ఉండాలి. కాలేజీలో చేర్చేముందు పీఆర్వో మాటలు పక్కన పెట్టి, ఫిజిక్స్, మ్యాథ్స్ ఎవరు చెప్తారు, వాళ్లు ఏడాదంతా ఉంటారా, మధ్యలో మానేస్తే ఫీజు ఎంత వెనక్కి ఇస్తారు అన్నది కాగితం మీద రాసి ఇవ్వమనండి. ఇవ్వకపోతే ఆ రోజు డబ్బు కట్టకుండా ఇంటికి వచ్చేయండి.