అక్క తగ్గిన ఒక్క కిలో

ఉగాది సంబరాల్లో పంచాంగ శ్రవణం ముగిసి, పిల్లల నృత్యాలు మొదలయ్యే ముందు వేదిక మీద జరిగిన పది నిమిషాల కార్యక్రమం గురించి రాయాలా వద్దా అని నెల రోజులు ఆలోచించాను. సంక్రాంతి నాడు ఇక్కడ మిషిగన్‌లో మన తెలుగు సంఘం మొదలుపెట్టిన బరువు తగ్గే పోటీ ఫలితాలను ఆ రోజు ప్రకటించారు. పాల్గొన్నవారి పేర్లు, మొదటి బరువు, చివరి బరువు, తగ్గిన కిలోలు వరుసగా తెర మీద చూపించారు. 11 కిలోలు తగ్గిన ఒక తమ్ముడికి శాలువా కప్పారు. పట్టిక అడుగున మా తోటికోడలి పేరు ఉంది. ఆమె తగ్గినది 1 కిలో. వ్యాఖ్యాత ఆ అంకె చదివి, "అక్కయ్యగారికి బొబ్బట్ల మీద మమకారం పోయినట్టు లేదు" అన్నారు. హాలంతా నవ్వింది. అక్క కూడా నవ్వింది. తిరుగు ప్రయాణంలో మాత్రం నోవై ఊరు దాటేదాకా ఆమె నోరు విప్పలేదు. ఇల్లు దగ్గర పడ్డాక, "నా బరువు అందరికీ చూపిస్తారని నువ్వు ముందే ఎందుకు చెప్పలేదే?" అని అడిగింది. ఆమెను ఆ పోటీలో చేర్పించినది నేనే.

ఆ తెర మీద కనిపించని అంకెలను అక్క అనుమతితో ఇక్కడ రాస్తున్నాను. ఆమె వయసు 58. నిరుడు డిసెంబరులో చేయించిన రక్తపరీక్షలో ఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్ సూచిక, 7.1 వచ్చింది. జనవరి నుంచి ఆమె ప్రతి రాత్రి భోజనం కాగానే పావుగంట నడిచింది. మిషిగన్ జనవరిలో బయట నడవడం కుదరదు కనుక బేస్‌మెంట్‌లోనే, సామాను పెట్టెల మధ్య దారి చేసుకుని నడిచింది. వారానికి మూడు రోజులు చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులు ఆనించి ముందుకూ వెనక్కూ ఒరగడం, రెండు చేతులా గాలన్ పాల డబ్బాలు పట్టుకుని మెట్లెక్కడం చేసింది. మొదటి రోజు కుర్చీలోంచి వరుసగా ఐదుసార్లు లేవలేక నా భుజం పట్టుకున్న మనిషి, ఏప్రిల్ నాటికి 14 సార్లు లేచింది. అన్నం మానలేదు. కప్పుతో కొలిచి ఒక్కసారే వడ్డించుకుంది, ముందు కూర, పప్పు తిని ఆ తర్వాతే అన్నం కలుపుకుంది, పొద్దున ఇడ్లీకి బదులు పెసరట్టో, రెండు గుడ్లో తిన్నది. ఉగాది ముందు వారం చేసిన పరీక్షలో ఏ1సీ 6.3 వచ్చింది. షుగర్ మాత్ర మోతాదు మారలేదు. జాకెట్లు నడుము దగ్గర వదులయ్యాయి. తూకం మిషను మాత్రం ఒక్క కిలోయే చూపించింది.

ఇది ఎలా సాధ్యమని అడిగినవారికి నేను మొదట కండరం గురించే చెబుతాను. ఇన్సులిన్ ఎక్కిస్తూ కొలిచిన ప్రయోగాలలో, ఒంట్లోని కణాలు రక్తంలోంచి తీసుకునే గ్లూకోజులో సుమారు 80 శాతం కండరాలకే చేరుతుందని తేలింది. మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి వచ్చాక దాన్ని దాచుకునే అతి పెద్ద గాదె కండరమే. ఆ గాదె తలుపులు గ్లట్4 అనే ప్రోటీన్లు, వాటిని తెరిపించేది ఇన్సులిన్. కండరంలోనూ కాలేయంలోనూ కొవ్వు పేరుకున్నకొద్దీ ఇన్సులిన్ ఎంత పిలిచినా తలుపులు సరిగా తెరుచుకోవు. అదే ఇన్సులిన్ నిరోధకత. అయితే కండరం పనిచేస్తున్నప్పుడు, ముడుచుకునే కదలికే వేరే మార్గంలో ఆ తలుపులను తెరుస్తుంది, ఇన్సులిన్ కోసం ఆగదు. వ్యాయామం తర్వాత ఒకటి నుంచి మూడు రోజుల వరకు కండరం ఇన్సులిన్‌కు మెరుగ్గా స్పందిస్తుంది, ఆ పైన ఆ గుణం తరిగిపోతుంది. అందుకే శనివారం ఒక్కరోజు రెండు గంటలు చెమటోడ్చడం కన్నా, అక్క చేసినట్టు రోజూ కొంత కదలడం మేలు. ఇక కేవలం తిండి తగ్గించి బరువు దించుకున్నప్పుడు, పోయిన బరువులో దాదాపు నాలుగో వంతు కొవ్వు కాకుండా కండ వగైరా కావచ్చు. శాలువా అందుకున్న తమ్ముడు మూడు నెలలు ఒంటిపూట తిని, వ్యాయామం ఏమీ చేయలేదని తనే చెప్పాడు. అతని పట్టుదలను నేను తక్కువ చేయడం లేదు, కాని ఆ 11 కిలోలలో కండ ఎంత పోయిందో మనం అడగనేలేదు.

మన ఒంటి తీరు తెలిస్తే ఈ ప్రశ్న ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫొటో ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు సూచిక, 22.3. ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపిస్తూనే కండ తక్కువగా, పొట్టలో కొవ్వు ఎక్కువగా ఉండే ఈ తీరు మన పెళ్లి ఫొటోలలో ఎవరికైనా కనిపిస్తుంది. షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాల దక్షిణాసియావారి మీద 2010లో మొదలైన 'మసాలా' (MASALA) అనే పేరుగల అధ్యయనం, వయసు తేడాలు సవరించాక మనలో 23 శాతం మందికి మధుమేహం ఉందనీ, ఇక్కడి తెల్లవారిలో అది 6 శాతమేననీ చూపింది.

బరువు తగ్గడం వృథా అని నా వాదన కాదు. 2002లో వెలువడిన అమెరికా మధుమేహ నివారణ అధ్యయనంలో 3,234 మంది పాల్గొన్నారు. 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్న బృందంలో మధుమేహం 58 శాతం తక్కువగా వచ్చింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడిన బృందంలో ఆ తగ్గుదల 31 శాతమే. తగ్గిన ప్రతి కిలోకూ ముప్పు 16 శాతం చొప్పున తగ్గిందని కూడా తర్వాత లెక్కగట్టారు. కనుక పోటీ పెట్టిన కార్యవర్గం ఉద్దేశం మంచిదే. కాని అదే అధ్యయనంలో, బరువు లక్ష్యం చేరకపోయినా వ్యాయామ లక్ష్యం చేరినవారికి ముప్పు 44 శాతం తక్కువగా ఉంది. 2006లో చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం ప్రచురించిన భారతీయ అధ్యయనంలో, చెప్పుకోదగ్గంత బరువు తగ్గకుండానే తిండి, నడక మార్పులతో మధుమేహ ముప్పు 28.5 శాతం తగ్గింది. మన పట్టికలో ఇలాంటివారందరూ అడుగునే ఉంటారు.

అన్నాన్ని శత్రువుగా చూసే మాటలు కూడా ఈ మధ్య మన సమావేశాలలో ఎక్కువయ్యాయి, అవి నాకు బాధ కలిగిస్తాయి. మా అమ్మమ్మ మూడుపూటలా అన్నమే తిన్నది. బావి నుంచి నీళ్ళు తోడింది, రోకటితో దంచింది, పిండి రుబ్బింది, గొడ్లకు మేత మోసింది. మనం ఇక్కడికి ఆమె కంచాన్ని మాత్రమే తెచ్చుకున్నాం. 20 పౌండ్ల సోనా మసూరి సంచిని కూడా షాపులో కుర్రవాడు కారు దాకా మోసి పెడుతున్నాడు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి: "ఇంకొక్క ముద్ద" అని వద్దన్నా మారు వడ్డించే మన ప్రేమ, షుగర్ ఉన్న మనిషికి ఆ పూట చేసే మేలు ఏమీ లేదు. అది ప్రేమేనని నాకు తెలుసు, నా చేతులూ అలా వడ్డించినవే.

కార్యవర్గానికి నా విన్నపాలు కొన్ని ఉన్నాయి. వచ్చే సంక్రాంతికి పోటీ మళ్ళీ పెట్టండి, కాని తూకం మిషను పక్కన పెట్టండి. 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేవగలరో మొదటి రోజూ చివరి రోజూ లెక్కపెట్టండి, నడుము చుట్టుకొలత టేపుతో చూడండి. మన మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే వైద్యుణ్ణి కలవమని నెమ్మదిగా, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి. ఎవరి అంకె వారికే కాగితం మీద ఇవ్వండి, తెర మీద చూపకండి. వారానికి రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం చేయాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనను, మన బాలభారతి తరగతులు జరిగే బడి జిమ్‌లోనే, పిల్లలు లోపల చదువుకునే గంటలో పెద్దలతో చేయించవచ్చు. పండగ భోజనంలో బొబ్బట్టు ఉండనివ్వండి. వరుసలో కూరలు, పప్పు, గుగ్గిళ్ళు ముందు పెట్టి, అన్నం, పులిహోర తర్వాత పెట్టండి, భోజనమయ్యాక అందరూ కుర్చీలలో కూలబడకుండా ఆడిటోరియం చుట్టూ పావుగంట కలిసి నడవడానికి కార్యక్రమంలో చోటివ్వండి.

అక్క రాత్రి నడక మానలేదు. జూలైలో జరిగే వనభోజనాలకు మాత్రం రానని చెప్పింది. ఆమెను మళ్ళీ పిలవడానికి నేను వెళ్ళాలనుకుంటున్నాను. వెళ్ళే ముందు, ఆ పట్టిక ఇక తెర మీదకు రాదన్న మాట కార్యవర్గం నుంచి నాకు కావాలి.