పంది అనగానే ముక్కు మూసుకునేవాళ్లకి

నిన్న ఆఫీసులో ఎవరో మా బాబాయి ఏం చేస్తాడని అడిగారు. ఘట్‌కేసర్ అవతల పందులు పెంచుతాడన్నా. టేబులంతా ఒకటే నవ్వు. నవ్వినవాళ్లలో ఇద్దరు ప్రతి శనివారం బేకన్, అంటే పంది మాంసమే, తినేవాళ్లే, పోనీండి.

"పందికి బురదంటే ప్రాణం" అన్నాడు ఒకాయన. అయ్యా, దానికి మనలాగా చెమట పట్టదు. ఒళ్లు చల్లబడాలంటే తడి కావాలి. మే నెలలో రేకుల షెడ్డు కింద మేత మానేస్తుంది, చూడి కూడా సరిగ్గా నిలవదు. బాబాయి రేకుల మీద వరిగడ్డి పరిచి మధ్యాహ్నం పైపుతో తడుపుతాడు. శుభ్రంగా ఉంటుందని నేలకు సిమెంటు చేయించాడు. ఆ తర్వాతి ఈత పిల్లలు తెల్లగా పాలిపోయి కొన్ని చచ్చిపోయాయి. తల్లి పాలల్లో ఐరన్ చాలదు, ఊర పంది పిల్లకైతే మట్టిలోంచి అందుతుంది. సిమెంటు మీద పుట్టినవాటికి మూడో రోజు ఐరన్ ఇంజెక్షన్ వేయించాలని ఆయనకు తెలిసేసరికి నష్టం జరిగిపోయింది. తల్లి పక్కకు ఒరిగినప్పుడు పిల్లలు నలిగిపోకుండా గోడ పొడవునా ఇనుప పైపు బిగించాలన్నదీ అలాగే, పోగొట్టుకున్నాకే తెలిసింది.

పరిశోధన లేదా? ఉంది. గువాహటి దగ్గర రాణిలో పందుల కోసమే జాతీయ పరిశోధన కేంద్రం ఉంది. తిరుపతిలో యార్క్‌షైర్ అనే విదేశీ తెల్ల పంది 75 పాళ్లు, నాటు పంది 25 పాళ్లు కలిపి టి-17 రకం తయారుచేశారు. మన రాజేంద్రనగర్‌లో వెటర్నరీ యూనివర్సిటీ, చెంగిచెర్లలో మాంసం పరిశోధన సంస్థ ఉన్నాయి. వీటిలో ఏ ఒక్కదాని మాటా మా బాబాయి షెడ్డు దాకా రాలేదు. 100 ఆడ, 10 మగ పందులు పెడితే 30 లక్షల దాకా కేంద్ర ప్రభుత్వం సబ్సిడీ అట. ఆయన దగ్గరున్నవి 14.

2020లో అస్సాం, అరుణాచల్‌లలో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే పందుల వైరస్ జబ్బు దిగింది. మనుషులకు అంటదు గానీ పందికి సోకితే మందు లేదు, మన దగ్గర టీకా లేదు. ఆ వైరస్ పంది మాంసం ముక్కల్లో కూడా బతికుంటుంది. మరి హైదరాబాద్ చుట్టుపక్కల చాలా పందులు తినేది ఏంటి? హోటళ్ల ఎంగిలి, ఫంక్షన్ హాళ్ల మిగులు. దాన్ని గంటసేపు కలుపుతూ మరిగించి పెట్టాలి. చెప్పడం తేలికే, కట్టెల ఖర్చు ఎవరిస్తారు?

బాబాయి పాత ఇనుప పీపా కోయించి, కింద పొయ్యి కట్టించి, ఆరు నెలలుగా ఆ ఎంగిలి కుడితి కాస్తున్నాడు. పోయిన వారం పక్కన కొత్త వెంచర్ వాళ్లు పొగ వస్తోందని కంప్లైంట్ ఇచ్చారు.