వ్యాక్స్ లైసెన్సుకు ఇంకా గడువు ఎందుకు?

వ్యాక్స్ అనే పాత కంప్యూటర్లను నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ పేరు వీఎంఎస్. లైసెన్సు గడువు తీరిన వీఎంఎస్ ఎలా ప్రవర్తిస్తుందో చూడనివారికి ముందుగా ఆ సంగతి చెప్పాలి. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ సరిగానే ఇచ్చినా, ఈ నోడ్ (అంటే ఈ యంత్రం) మీద వీఎంఎస్ వాడకానికి అనుమతి లేదనీ, మీ సిస్టమ్ మేనేజర్‌ను కలవమనీ రెండు మూడు వరుసలు చూపించి బయటికి పంపేస్తుంది. ఆపరేటర్ కన్సోల్ ముందు కూర్చున్నవాడిని మాత్రం అదే హెచ్చరిక చేసి లోపలికి రానిస్తుంది. ఇంట్లో ఒక్కడే ఎమ్యులేటర్, అంటే ఇప్పటి కంప్యూటర్‌లో పాత యంత్రంలా నటించే ప్రోగ్రామ్, నడుపుకునేవాడికి సిస్టమ్ మేనేజరూ తానే కనుక, తనను తానే వెళ్ళి కలవాలన్నమాట. డిస్కు చెడిపోలేదు, ప్రోగ్రామ్ పాడవలేదు. ప్యాక్ అని పిలిచే లైసెన్సు కీలో రాసి ఉన్న తేదీ దాటిపోయింది, అంతే.

డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1977లో వ్యాక్స్ యంత్రాన్ని, దానితోపాటు వీఎంఎస్‌ను ప్రకటించింది. ఆ సంస్థను 1998లో కాంపాక్, కాంపాక్‌ను 2002లో హెచ్‌పీ కొన్నాయి. 2015లో హెచ్‌పీ రెండుగా చీలినప్పుడు వీఎంఎస్ కొత్తగా ఏర్పడిన హెచ్‌పీఈ వాటాకు వచ్చింది. ఇన్ని చేతులు మారినా, 1997లో మొదలైన హాబీయిస్టు పథకం మాత్రం రెండు దశాబ్దాలకు పైగా సాగింది. సొంత సరదాకు, వ్యాపారేతర అవసరాలకు ఉచితంగా కీలు ఇచ్చేవారు. గడువు తీరగానే మళ్ళీ అడిగి తెచ్చుకోవాలి. 2020లో హెచ్‌పీఈ ఈ పథకాన్ని ముగిస్తున్నట్లు ప్రకటించింది, ఆఖరుగా ఇచ్చిన కీలకు 2021 చివరితో కాలం చెల్లింది. వీఎంఎస్ అభివృద్ధిని చేపట్టిన వీఎస్ఐ అనే సంస్థ ఆల్ఫా, ఇటానియం, ఎక్స్86 అనే ఇతర రకాల యంత్రాలకు సొంతంగా కమ్యూనిటీ లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టినా, వ్యాక్స్ వెర్షన్ల మీద దానికి హక్కులు లేవు. హక్కులు ఉన్నవారికి ఆసక్తి లేదు, ఆసక్తి ఉన్నవారికి హక్కులు లేవు. ఆ వీఎస్ఐ కూడా 2024లో ఆల్ఫా, ఇటానియంలకు కొత్త కమ్యూనిటీ లైసెన్సులు ఆపేసి, ఎక్స్86కు ముందే సిద్ధం చేసిన డిస్క్ ఇమేజ్‌ను, అదీ గడువుతోనే, చేతికిచ్చింది. చిన్న సంస్థ, సిబ్బంది సమయానికి ఖరీదు ఉంటుంది, అడిగిన ప్రతివాడికీ కీ తయారుచేసి పంపడం భారమే. ఆ వాదనను నేను కొట్టిపారేయను. కానీ ఏటేటా కీ ఇవ్వాల్సిన అవసరాన్ని సృష్టించింది ఆ గడువే కదా?

ఇక మన హాబీయిస్టుల గొడవ. గడువు తీరగానే కొందరు యంత్రం గడియారాన్ని వెనక్కి తిప్పుతారు, కొందరు కీలను తామే పుట్టించే ప్రోగ్రామ్‌లు వెతుక్కుంటారు, మరికొందరు వాళ్ళను దొంగలంటారు. గడియారం తిప్పేవారినీ, కీలు పుట్టించేవారినీ నేను సమర్థించను. నష్టపోయేవాడు కనబడనంత మాత్రాన కాపీరైట్ ఆవిరైపోదు, పైగా అలా చేసిన సంగతి ఒక్కసారి బయటపడితే అనుమతి కోసం మర్యాదగా అడుగుతున్నవారి మాటకు విలువ పోతుంది. అయితే ‘చట్టం చట్టమే, నోరు మూసుకుని యంత్రం కట్టేయండి’ అనే పెద్దమనుషులంటే నాకు ఇంకా చిరాకు. చట్టబద్ధంగా అడగడానికి తలుపే లేని చోట తలుపు తట్టలేదని తిట్టడం ఏం న్యాయం?

ఈ చిక్కుకు విరుగుడు ఎవరికీ తెలియనిదేమీ కాదు. బ్రిటిష్ కంపెనీ ఆమ్‌స్ట్రాడ్ 1986లో సింక్లెయిర్ కంప్యూటర్ల వ్యాపారాన్ని కొనుక్కుంది. సింక్లెయిర్ వారి స్పెక్ట్రమ్ కంప్యూటర్ల రోమ్‌లను, అంటే మార్చడానికి వీల్లేని చిప్‌లోని ప్రోగ్రామ్‌లను, ఎమ్యులేటర్లతో కలిపి పంచుకోవచ్చునని 1999లో ఆ సంస్థ తరఫున బహిరంగంగా చెప్పారు. కాపీరైట్ మాదే, ఆ ప్రకటనను చెరపకండి, రోమ్‌కు డబ్బు వసూలు చేయకండి అన్నంతవరకే షరతులు. సోర్స్ కోడ్ ఇవ్వలేదు, హక్కు వదులుకోలేదు, గడువు పెట్టలేదు.

అనుమతి ఇచ్చినా మాట తేటగా లేకపోతే ఏమవుతుందో సీపీ/ఎం అనే మరో పాత ఆపరేటింగ్ సిస్టమ్ చూపించింది. డిజిటల్ రీసెర్చ్ నుంచి నోవెల్‌కు, అక్కడి నుంచి కాల్డెరాకు, ఆపైన లినియోకు చేరిన ఆ సరుకుకు 2001లో అనుమతి దొరికింది కానీ, అది ఒక్క సైటుకేనా, అందరికీనా అన్నది ఎవరికీ అర్థం కాలేదు. వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి చదువుతూ జనం 20 ఏళ్ళు వాదించుకున్నారు. 2022లో హక్కుదారు బ్రయన్ స్పార్క్స్ మరో చిన్న లేఖతో ఆ సందేహం తీర్చారు.

సోర్స్ కోడ్ బయటపెట్టాలని నేను అడగడం లేదని మళ్ళీ చెబుతున్నాను. మైక్రోసాఫ్ట్ ఎంఎస్-డాస్ పాత వెర్షన్లను 2018లోనూ, 4.00ను 2024లోనూ ఎవరైనా వాడుకోనిచ్చే ఎంఐటీ లైసెన్సు కింద సోర్స్ కోడ్‌తో ఇవ్వడం సంతోషమే, కానీ పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఇతర కంపెనీల కోడ్ కూడా కలిసి ఉండవచ్చు, దాన్ని విడదీయడానికి లాయర్ల ఖర్చు ఉంటుంది. పైగా ఓపెన్ సోర్స్ అయితే తగాదాలు ఉండవన్నదీ భ్రమే: వ్యాక్స్‌ను నడిపే సిమ్‌హెచ్ ఎమ్యులేటర్ ఓపెన్ సోర్సే, 2022లో దాని లైసెన్సులో మార్పు మీదే గొడవ రేగి ఓపెన్ సిమ్‌హెచ్ అనే వేరు కుంపటి వెలిసింది.

ఇదంతా ఎక్కడో అమెరికాలోని ముసలి ఇంజనీర్ల ముచ్చట అనుకునేవారికి ఒక మాట. రైల్వే రిజర్వేషన్ల కోసం రైల్వేల కంప్యూటర్ సంస్థ క్రిస్ తయారుచేసిన కాన్సర్ట్ వ్యవస్థ 1994 సెప్టెంబరులో మొదట అమలైంది మన సికింద్రాబాద్‌లోనే, అది నడిచింది వీఎంఎస్ మీదే. 1999 ఏప్రిల్ నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు దానితో కలిసిపోయి, ఏ ఊరి కౌంటర్ నుంచైనా ఏ ఊరి రైలుకైనా టికెట్ తీసుకునే వీలు కలిగింది. అలాంటి వ్యవస్థ ఏ నేల మీద నిలబడిందో ఇప్పటి విద్యార్థి నేర్చుకోవాలనుకుంటే, వ్యాక్స్ మీది వీఎంఎస్‌ను చట్టం మీరకుండా నేర్చుకునే దారి అతనికి లేదు.

వ్యాక్స్ మీద వచ్చిన ఆఖరి వీఎంఎస్ వెర్షన్ 7.3, అది 2001 నాటిది. దాన్ని ఎవరూ అమ్మబోవడం లేదు, బాగుచేయబోవడం లేదు. ప్యాక్ ఫారంలో ఉత్పత్తి పేరు, యూనిట్ల సంఖ్య, కీని సరిచూసే చెక్‌సమ్‌లతోపాటు గడువు ముగిసే తేదీకి ఒక గడి ఉంటుంది. డబ్బు పెట్టి శాశ్వత లైసెన్సు కొన్నవారి ఫారంలో ఆ గడి ఖాళీగా ఉండేది. హాబీయిస్టుల కోసం హెచ్‌పీఈ ఇంకొక్క ప్యాక్, ఆ గడిని ఖాళీగా వదిలేసి, ఇస్తే చాలు.