రాత్రి రైలుని సరిహద్దు దగ్గర ఆపేయొద్దు

పారిస్ నుంచి బెర్లిన్‌కి, పారిస్ నుంచి వియన్నాకి వెళ్ళే నైట్‌జెట్ అనే రాత్రి రైళ్ళు 2025 డిసెంబర్‌లో ఆగిపోయాయి. వియన్నా రైలు మొదలైంది 2021 డిసెంబర్‌లో, బెర్లిన్‌ది 2023 డిసెంబర్‌లో, అంటే ఒకటి నాలుగేళ్ళు నడిచింది, ఇంకోటి రెండేళ్ళే. జనం ఎక్కక ఆగిపోయిన రైళ్ళు కావివి. ఫ్రాన్స్ ప్రభుత్వం తను ఇచ్చే సబ్సిడీ మానేసింది, ఆ డబ్బు లేకపోతే మా వల్ల కాదని ఫ్రాన్స్ రైల్వే చెప్పేసింది, అంతే. ఇది తప్పుడు నిర్ణయం అని మేము గట్టిగా నమ్ముతున్నాం.

రాత్రి రైలుకి ఖర్చెక్కువ అన్నమాట నిజమే, దాన్ని మేమూ కాదనం. మామూలుగా కూర్చునే బోగీలో 80 మంది దాకా పడతారు, అదే స్లీపర్ బోగీలో 12 గదులు ఉంటే గదికి ముగ్గురిని వేసుకున్నా 36 మందే. పగటి రైలు రోజుకి రెండు మూడు ట్రిప్పులు తిరుగుతుంది, రాత్రి రైలు ఒక్క ట్రిప్పు వేసి పగలంతా యార్డులో నిలబడుతుంది. దానికి తోడు జర్మనీ లైన్లలో కరెంటు 15 కిలోవోల్టులు, ఫ్రాన్స్‌లో చాలా లైన్లలో 25, అందుకని రెండు రకాల కరెంటు మీదా నడిచే ఖరీదైన ఇంజనన్నా ఉండాలి లేదా సరిహద్దులో ఇంజన్ మార్చన్నా మార్చాలి. పట్టాలు రిపేరు చేసేదీ రాత్రే, గూడ్సు బళ్ళు తిరిగేదీ రాత్రే, కాబట్టి దారి మళ్ళించడాలూ ఆలస్యాలూ మామూలే.

ఇవన్నీ ఒప్పుకున్నాక అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. ఆ రైలుకి పోటీ విమానం కదా, మరి యూరప్‌లో అంతర్జాతీయ విమానాలు పోసుకునే ఇంధనం మీద పన్ను లేదు. విమానం కూడా ఎయిర్‌పోర్టు ఛార్జీలు కడుతుంది, కాదనం. కానీ రైలు నడిచే ప్రతి కిలోమీటరుకీ పట్టాల అద్దె కట్టుకుంటూ వెళ్ళాలి. ఇద్దరినీ ఒకే గీత మీద నిలబెట్టకుండా ఒకరు ఓడిపోయారని తీర్పు చెప్పడం ఏం న్యాయం?

మాలో రాత్రి రైలు ఎక్కనివాళ్ళు ఎవరూ లేరు, అందుకే ఈ విషయంలో మాట కాస్త ఆవేశంగానే వస్తుంది. నడిరాత్రి సరిహద్దు స్టేషన్లో బండి ఆగినప్పుడు వచ్చే నిశ్శబ్దం ఎక్కినవాళ్ళకే తెలుస్తుంది. ఇంజన్ విడదీయగానే బోగీకి కరెంటు పోతుంది, ఏసీ హోరు ఆగిపోతుంది, అప్పటిదాకా వినపడని పక్క గదిలోవాళ్ళ గురక వినపడుతుంది. కింద ఎవరో టార్చిలైటు పట్టుకుని కంకర మీద నడుస్తున్న చప్పుడు, బ్రేకు పైపు ఊడదీస్తే బుస్సుమని గాలి పోవడం, కాసేపటికి కొత్త ఇంజన్ మెల్లగా వచ్చి ఆనుకున్నప్పుడు బెర్త్ మీద పడుకున్నవాడి భుజానికి తగిలే చిన్న కుదుపు. మళ్ళీ నిద్ర పట్టేసి తెల్లారి కర్టెన్ తీస్తే స్టేషన్ బోర్డుల మీద భాష మారిపోయి ఉంటుంది. 

చేదు అనుభవాలూ ఉన్నాయి. మాలో ఒకరు బెర్త్ బుక్ చేసుకుని ప్లాట్‌ఫాం మీదకి వెళితే ఆ రోజు స్లీపర్ బోగీయే తగిలించలేదు, రాత్రంతా కూర్చునే వెళ్ళాల్సొచ్చింది, పొద్దున దిగేసరికి మెడ పట్టేసింది. అలా ఒక్కసారి జరిగితే చాలు, ఆ మనిషి రెండోసారి విమానం టికెట్టే కొంటాడు. బోగీలు పాతవి, స్పేరు లేవు, ఒకటి పాడైతే పెట్టడానికి ఇంకోటి ఉండదు. జబ్బు అక్కడుంది.

కొత్త బోగీలు చిటికెలో రావు. ఆస్ట్రియా రైల్వే 2018లో ఆర్డరిచ్చిన కొత్త రాత్రి రైళ్ళు పట్టాలెక్కింది 2023 డిసెంబర్‌లో. ఈ ఆస్ట్రియా కథ ఇక్కడ గుర్తు చేసుకోవాలి, ఎందుకంటే జర్మనీ రైల్వే నష్టాలొస్తున్నాయని తన రాత్రి రైళ్ళని 2016 డిసెంబర్‌తో మూసేసినప్పుడు వాళ్ళ బోగీల్ని కొన్నిటిని కొనుక్కుని, రూట్లలో కొన్నిటిని తీసుకుని నైట్‌జెట్ పేరుతో నడిపింది వీళ్ళే. ఒకరు పనికిరాదని వదిలేసినదాన్నే ఇంకొకరు నిలబెట్టారు.

మేము వేగానికి వ్యతిరేకం కాదు. 1964 అక్టోబర్ 1న టోక్యో ఒసాకా మధ్య గంటకి 210 కిలోమీటర్ల వేగంతో షింకన్‌సెన్ అనే జపాన్ బుల్లెట్ రైలు మొదలైన రోజునీ, 1981లో పారిస్ లియాన్ మధ్య టీజీవీ అనే ఫ్రాన్స్ హైస్పీడ్ రైలు మొదలైన రోజునీ రైలంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఎవరూ మర్చిపోరు. మూడు నాలుగు గంటల దూరమైతే దాన్ని మించింది లేదు. కానీ 2024 డిసెంబర్‌లో మొదలైన పారిస్ బెర్లిన్ డైరెక్ట్ పగటి రైలుకి దాదాపు ఎనిమిది గంటలు పడుతుంది, అంటే పనిమీద వెళ్ళేవాడికి ఒక పగలు మొత్తం పోయినట్టే. రాత్రి రైల్లో అయితే ఆ పగలు మిగులుతుంది.

అంత షింకన్‌సెన్ ఉన్న జపాన్‌లోనే చూడండి, రోజూ నడిచే స్లీపర్ ఇప్పుడు ఒక్క సన్‌రైజ్ మాత్రమే మిగిలింది, 1998లో వచ్చిన బోగీలే ఇంకా నడుస్తున్నాయి. టికెట్లు నెల ముందు ఉదయం 10 గంటలకి వదులుతారు, దొరకడం గగనం. టోక్యో వైపు నుంచి వచ్చే 14 బోగీల బండి తెల్లవారుజామున ఒకాయామాలో ఏడేసి బోగీలుగా విడిపోయి ఒకటి తకామత్సుకి, ఒకటి ఇజుమోకి వెళుతుంది, ఆ విడదీయడం చూడ్డానికి ప్రయాణికులు నిద్రకళ్ళతో ప్లాట్‌ఫాం మీదకి దిగి నిలబడతారు. గిరాకీ లేదన్న మాట దీని విషయంలో ఎవరూ అనలేరు.

ఫ్రాన్స్‌కి ఇది కొత్త పాఠమేం కాదు. ఆ దేశమే 2021 మేలో పారిస్ నీస్ రాత్రి రైలుని ప్రభుత్వ డబ్బుతో మళ్ళీ మొదలుపెట్టింది, ఆ ఏడాది డిసెంబర్‌లో లూర్ద్ వైపు కూడా వేసింది. దేశం లోపల ప్రజాసేవ అనిపించినది సరిహద్దు దాటగానే అనవసర ఖర్చు ఎలా అయిందో మాకు అర్థం కావట్లేదు. యూరోపియన్ స్లీపర్ అనే చిన్న కంపెనీ 2023 మేలో బ్రసెల్స్ బెర్లిన్ రైలు మొదలుపెట్టి మరుసటి ఏడాది ప్రేగ్ దాకా పొడిగించింది, పారిస్ బెర్లిన్ రైలుని కూడా 2026 మార్చి నుంచి నడుపుతామని ప్రకటించింది. వాళ్ళ ధైర్యానికి మా అభినందనలు. అయినా చందాల్లా షేర్లు పోగేసుకుని నడిచే కంపెనీ నెత్తిన ఇంత బరువు పెట్టి ప్రభుత్వాలు చూస్తూ కూర్చోకూడదు.

ఆగిపోయిన ఆ రెండు రైళ్ళూ వారానికి మూడు రోజులే నడిచేవి. మనకి వెళ్ళాల్సిన రోజు మంగళవారమో కాదో చూసుకుని ప్రయాణం పెట్టుకోలేం కదా, రోజూ ఉంటేనే జనానికి అలవాటవుతుంది, అలవాటైతేనే లెక్కలు కుదురుతాయి. ఫ్రాన్స్, జర్మనీ, ఆస్ట్రియా ప్రభుత్వాలు మూడూ కలిసి ఒక కాంట్రాక్టు రాసుకుని, స్పేరు బోగీలతో సహా, ఈ రైళ్ళని మళ్ళీ వేయాలి, ఈసారి రోజూ నడిచేలా వేయాలి.